నేలకు దగ్గరైన కారు: ఎత్తు తగ్గినా పట్టు తప్పకుండా ఉండాలంటే

స్పోర్ట్స్ కారు అనగానే నేలను రాసుకుంటూ దూసుకుపోయే రూపమే కళ్ళముందు మెదులుతుంది. చక్రానికీ, దాని పైనున్న మడ్‌గార్డు అంచుకీ మధ్య ఖాళీ ఎంత తక్కువగా ఉంటే కారు అంత చురుగ్గా నడుస్తుందనే నమ్మకం కారు ప్రియుల్లో బలంగా ఉంది. అందుకే కొత్త స్పోర్ట్స్ కారు కొన్న చాలామంది కంపెనీ ఇచ్చిన స్ప్రింగులు తీసేసి, రెండు మూడు సెంటీమీటర్లు కిందికి దించే పొట్టి స్ప్రింగులు వేయించుకుంటారు.

ఈ నమ్మకంలో సగం భౌతికశాస్త్రం ఉంది. మిగతా సగాన్ని పట్టించుకోకపోతే ఫలితం తారుమారవుతుంది. దించిన కారు మలుపులో ముందుకన్నా ఎక్కువగా ఒరగవచ్చు. గతుకు తగిలినప్పుడు స్టీరింగ్ తిప్పకుండానే పక్కకు లాగవచ్చు. వేగంగా మలుపు తిరుగుతుండగా ఒక చక్రం ఉన్నట్టుండి పట్టు కోల్పోవచ్చు. కారు అందం కోసం చేసిన పని ప్రాణం మీదికి రాకుండా ఉండాలంటే, ఎత్తు తగ్గినప్పుడు సస్పెన్షన్‌లో ఏమేమి మారతాయో తెలియాలి.

ఎత్తు తగ్గితే లాభం ఎక్కడిది?

కారు ఎడమవైపు మలుపు తిరుగుతున్నప్పుడు దాని బరువులో కొంత కుడివైపు చక్రాల మీదికి మారుతుంది. లోపలివైపు చక్రాలు తేలికవుతాయి, బయటివైపు చక్రాలు బరువెక్కుతాయి. ఎంత బరువు మారుతుందన్నది ప్రధానంగా నాలుగు విషయాల మీద ఆధారపడుతుంది: కారు ద్రవ్యరాశి, మలుపులో కలిగే పక్కవాటు త్వరణం, గురుత్వ కేంద్రం ఎత్తు, ఎడమ కుడి చక్రాల మధ్య దూరం. మొదటి మూడింటినీ గుణించి, నాలుగోదానితో భాగిస్తే సరిపోతుంది.

2012లో మార్కెట్లోకి వచ్చిన టొయోటా 86ను ఉదాహరణగా తీసుకోవచ్చు. ఇంజను ముందు, చోదక శక్తి వెనక చక్రాలకు ఉండే ఈ చిన్న కారులో సిలిండర్లు నిలువుగా కాక అడ్డంగా పడుకుని ఉంటాయి. సుబారు సంస్థ తయారు చేసిన ఈ బాక్సర్ ఇంజను వల్ల గురుత్వ కేంద్రాన్ని నేలకు 46 సెంటీమీటర్ల ఎత్తులో ఉంచగలిగామని కంపెనీ ప్రకటించింది. డ్రైవరుతో కలిపి కారు 1,300 కిలోలు, చక్రాల మధ్య దూరం 153 సెంటీమీటర్లు, మలుపులో పక్కవాటు త్వరణం భూమి ఆకర్షణలో 0.9 వంతు అనుకుందాం. లెక్క వేస్తే దాదాపు 352 కిలోల బరువు లోపలి చక్రాల నుంచి బయటి చక్రాలకు మారుతుంది. అదే కారును 3 సెంటీమీటర్లు దించితే ఇది 329 కిలోలకు తగ్గుతుంది. అంటే సుమారు ఆరున్నర శాతం తగ్గుదల.

ఒకవైపు తగ్గిన బరువు రెండోవైపు చేరుతోంది కదా, మొత్తం పట్టు మారదు కదా అనే సందేహం రావచ్చు. రబ్బరు టైరు స్వభావం అలా ఉండదు. టైరు మీద బరువు రెట్టింపైతే దాని పట్టు రెట్టింపు కాదు, అంతకన్నా తక్కువే పెరుగుతుంది. కాబట్టి బయటి టైరు సంపాదించిన పట్టు కన్నా లోపలి టైరు పోగొట్టుకున్నది ఎక్కువ. బరువు ఎంత తక్కువగా అటూ ఇటూ మారితే ఆ జత టైర్ల ఉమ్మడి పట్టు అంత ఎక్కువగా నిలుస్తుంది. కారును కిందికి దించడంలో అసలైన శాస్త్రీయ ప్రయోజనం ఇదే.

దించితే ఎక్కువ ఒరగడమా?

బరువు మారడం వేరు, కారు బాడీ ఒరగడం వేరు. ఈ రెండింటినీ ఒకటే అనుకోవడం దగ్గరే చాలా పొరపాట్లు మొదలవుతాయి.

మలుపులో కారు బాడీ ఒక ఊహాబిందువు చుట్టూ ఒరుగుతుంది. దాన్ని ఇంజనీర్లు రోల్ సెంటర్ అంటారు. కంటికి కనిపించే భాగమేదీ అక్కడ ఉండదు. సస్పెన్షన్‌లోని కడ్డీల కోణాలను బట్టి అది ఎక్కడుందో గీతలు గీసి తేల్చాలి. పక్కవాటు బలం గురుత్వ కేంద్రం దగ్గర పనిచేస్తుంది, బాడీ రోల్ సెంటర్ చుట్టూ తిరుగుతుంది. ఈ రెండింటి మధ్య దూరం తలుపు పిడికీ, కీలుకీ మధ్య దూరంలాంటిది. ఆ దూరం ఎంత ఎక్కువైతే అంత తేలిగ్గా తలుపు తిరిగినట్టే, కారు కూడా అంత తేలిగ్గా ఒరుగుతుంది.

చాలా కార్లలో మాదిరిగానే టొయోటా 86 ముందు చక్రాలకు కూడా మాక్‌ఫర్సన్ స్ట్రట్ సస్పెన్షన్ ఉంటుంది. అమెరికా ఇంజనీరు ఎర్ల్ మాక్‌ఫర్సన్ 1940ల చివర్లో రూపొందించిన ఈ అమరికలో స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసి ఒకే నిలువు స్తంభంగా ఉంటాయి. కింద ఒక అడ్డ చేయి చక్రాన్ని బాడీకి కలుపుతుంది. ఖర్చు తక్కువ, చోటు తక్కువ, భాగాలు తక్కువ. అయితే దీని జ్యామితి కారు ఎత్తుకు చాలా సున్నితంగా స్పందిస్తుంది.

మామూలు ఎత్తులో ఈ అడ్డ చేయి బాడీ వైపు నుంచి చక్రం వైపుకు కొద్దిగా కిందికి వాలి ఉంటుంది. కారును దించితే చక్రం అక్కడే ఉంటుంది, బాడీ మాత్రం కిందికి వస్తుంది. దాంతో చేయి సమతలంగా మారుతుంది, ఇంకా దించితే చక్రం వైపు పైకి లేస్తుంది. ఈ కోణం మారగానే రోల్ సెంటర్ జారిపోతుంది. చిక్కంతా ఏమిటంటే, బాడీ దిగినదానికన్నా రోల్ సెంటర్ చాలా ఎక్కువగా దిగుతుంది.

అర్థం చేసుకోవడానికి ఒక ఊహాలెక్క చూద్దాం. గురుత్వ కేంద్రం 46 సెంటీమీటర్ల ఎత్తులో, ముందువైపు రోల్ సెంటర్ 8 సెంటీమీటర్ల ఎత్తులో ఉన్నాయనుకుంటే మధ్య దూరం 38. కారును 3 సెంటీమీటర్లు దించినప్పుడు రోల్ సెంటర్ 7 సెంటీమీటర్లు దిగితే, గురుత్వ కేంద్రం 43కి, రోల్ సెంటర్ 1కి చేరతాయి. మధ్య దూరం 42కు పెరుగుతుంది. అంటే బాడీని ఒరిగించే భ్రామకం పది శాతం పైగా పెరిగింది. స్ప్రింగులు పాతంత మెత్తగానే ఉంటే దించిన కారు ముందుకన్నా ఎక్కువ ఒరుగుతుంది. ఒరిగినకొద్దీ బయటి ముందు టైరు నిటారుతనం కోల్పోయి తన బయటి అంచు మీద నిలబడుతుంది. టైరు పూర్తి వెడల్పు నేలను తాకకపోతే, బరువు మార్పు తగ్గించి సంపాదించిన పట్టు కాస్తా ఇక్కడ చేజారిపోతుంది.

దీనికి పరిష్కారం కూడా జ్యామితిలోనే ఉంది. అడ్డ చేయికీ చక్రానికీ మధ్యనుండే బాల్ జాయింట్‌ను పొడవైనదిగా మారిస్తే, చేయి బయటి కొన మళ్ళీ కిందికి దిగి పాత కోణం తిరిగి వస్తుంది. రేసు కార్లలోనైతే చేయి బాడీకి బిగించే చోటునే పైకి జరుపుతారు. రోడ్డు కారును రెండు సెంటీమీటర్లకు మించి దించేటప్పుడు ఈ సవరణ గురించి ఆలోచించడం మంచిది.

స్ప్రింగును కోస్తే ఏమవుతుంది?

కారు దించడానికి అన్నిటికన్నా చవకైన మార్గం ఉన్న స్ప్రింగు నుంచే ఒక చుట్టు కోసేయడం. అన్నిటికన్నా ప్రమాదకరమైనదీ అదే. స్ప్రింగు బిరుసుతనం అందులో పనిచేసే చుట్ల సంఖ్యకు విలోమానుపాతంలో ఉంటుంది. ఆరు చుట్లలో ఒకటి తీసేస్తే మిగిలిన ఐదు చుట్ల స్ప్రింగు 20 శాతం బిరుసెక్కుతుంది. ఎత్తు తగ్గినా బిరుసు పెరిగింది కదా అనిపిస్తుంది. కానీ కంపెనీ స్ప్రింగు చివరి చుట్టును దాని గూడులో సరిగ్గా కూర్చునే ఆకారంలో తయారు చేస్తారు. కోసిన మొన అలా కూర్చోదు. పైగా చక్రం గుంతలోకి పూర్తిగా వేలాడినప్పుడు పొట్టి స్ప్రింగు వదులై గూడు నుంచి పక్కకు జరగవచ్చు. గ్యాస్ మంటతో కోస్తే ఆ వేడికి ఉక్కు గుణమే మారి స్ప్రింగు తర్వాతెప్పుడో విరిగే అవకాశం ఉంది.

సరైన పద్ధతిలో తయారైన పొట్టి స్ప్రింగులకూ ఒక పరిమితి ఉంది. చక్రం పైకి కదలడానికి ఉన్న చోటే ఆ పరిమితి. మామూలు ఎత్తులో చక్రం 8 సెంటీమీటర్లు పైకి రాగలిగితే, 3 సెంటీమీటర్లు దించిన తర్వాత 5 సెంటీమీటర్లే మిగులుతాయి. స్ప్రింగు మింగగల శక్తి అది నొక్కుకున్న దూరపు వర్గాన్ని బట్టి ఉంటుంది. అదే గతుకు దెబ్బను 8కి బదులు 5 సెంటీమీటర్లలో ఆపాలంటే స్ప్రింగు బిరుసు రెండున్నర రెట్లు పైగా పెరగాలి. అంత బిరుసు స్ప్రింగులతో రోడ్డు మీద ప్రయాణం నరకమే. టైర్లు కూడా గతుకుల మీద నేలను వదిలి ఎగురుతుంటాయి.

ఈ చిక్కును గమనించకుండా మెత్తని పొట్టి స్ప్రింగులు వేస్తే చక్రం తరచూ బంప్ స్టాప్‌ను తాకుతుంది. సస్పెన్షన్ చివరి హద్దులో దెబ్బను ఆపడానికి పెట్టే రబ్బరు లేదా ఫోమ్ దిమ్మ అది. తిన్నని రోడ్డు మీద తాకితే ఒక కుదుపుతో సరిపోతుంది. మలుపులో తాకితే మాత్రం ఆ మూల సస్పెన్షన్ క్షణంలో రాయిలా బిగుసుకుంటుంది, మారుతున్న బరువంతా ఆ ఒక్క టైరు మీద పడుతుంది. ముందు చక్రానికి ఇలా జరిగితే కారు తిరగకుండా నేరుగా పోతుంది. వెనక చక్రానికి జరిగితే కారు తోక బయటికి జారి గిర్రున తిరగవచ్చు. డ్రైవరుకు ముందుగా ఏ హెచ్చరికా అందదు.

అందుకే మెరుగైన కిట్లలో స్ప్రింగుతో పాటు పొట్టి షాక్ అబ్జార్బర్ కూడా వస్తుంది. స్తంభం పొడవే తగ్గుతుంది కాబట్టి కారు దిగినా చక్రం పైకి కదిలే చోటు దాదాపు అలాగే మిగులుతుంది. అయితే ఆ చోటును పూర్తిగా వాడుకున్నప్పుడు టైరు మడ్‌గార్డు లోపలి భాగాన్ని రాసుకోకుండా చూసుకోవాలి.

స్ప్రింగు మారితే డ్యాంపర్ మారాలి

స్ప్రింగు దెబ్బను మింగుతుంది, కానీ తనంతట తాను ఊగడం ఆపలేదు. ఆ ఊపును వేడిగా మార్చి ఆపేది షాక్ అబ్జార్బర్. సాంకేతికంగా దీన్ని డ్యాంపర్ అనడమే సరైనది. ఈ రెండూ ఒకదానికొకటి సరిపోవాలి.

కారు బరువుకు స్ప్రింగు 10 సెంటీమీటర్లు నొక్కుకుని నిలబడిందంటే, బాడీ సహజ డోలనం సెకనుకు సుమారు 1.6 సార్లు ఉంటుంది. స్ప్రింగును 30 శాతం బిరుసు చేస్తే అది 1.8కి పెరుగుతుంది. ఊపును ఒక్కసారిలో చంపడానికి కావలసిన నిరోధాన్ని క్రిటికల్ డ్యాంపింగ్ అంటారు. అది స్ప్రింగు బిరుసు వర్గమూలంతో పాటు పెరుగుతుంది. కాబట్టి 30 శాతం బిరుసైన స్ప్రింగుకు 14 శాతం బలమైన డ్యాంపర్ కావాలి. పాత డ్యాంపర్‌నే ఉంచితే కారు గతుకు దాటిన తర్వాత కూడా ఊగుతూనే ఉంటుంది. ఆ ఊగిసలాటలో టైరు మీద భారం పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. భారం తగ్గిన క్షణంలో బ్రేకు వేసినా, స్టీరింగ్ తిప్పినా ఆశించిన పట్టు దొరకదు.

ఇక్కడ మరో సూక్ష్మం ఉంది. 30 శాతం బిరుసు స్ప్రింగు అదే బరువుకు 10 సెంటీమీటర్లకు బదులు 7.7 సెంటీమీటర్లే నొక్కుకుంటుంది. అంటే పొడవు మార్చకుండా బిరుసు మాత్రమే పెంచితే కారు 2.3 సెంటీమీటర్లు పైకి లేస్తుంది. దాన్ని 3 సెంటీమీటర్లు దించాలంటే స్ప్రింగు అసలు పొడవు 5 సెంటీమీటర్లకు పైగా తగ్గాలి. అంత పొట్టి స్ప్రింగు చక్రం వేలాడినప్పుడు వదులవుతుంది కాబట్టి, దాన్ని గూడులో పట్టి ఉంచడానికి పలుచని సహాయక స్ప్రింగును జతచేస్తారు.

స్టీరింగ్ తిప్పకుండానే తిరిగే చక్రం

స్టీరింగ్ కదలికను చక్రానికి చేర్చే టై రాడ్ ఒక వృత్తచాపంలో కదులుతుంది. అడ్డ చేయి మరో వృత్తచాపంలో కదులుతుంది. మామూలు ఎత్తు దగ్గర ఈ రెండు చాపాలు కలిసి నడిచేలా కంపెనీ ఇంజనీర్లు కొలతలు ఎంచుకుంటారు. కారును దించితే సస్పెన్షన్ ఆ చాపాల చివరి భాగంలో పనిచేయాల్సి వస్తుంది. అక్కడ రెండూ విడిపోతాయి. ఫలితంగా చక్రం పైకీ కిందికీ కదిలిన ప్రతిసారీ కొద్దిగా లోపలికో బయటికో తిరుగుతుంది. దీన్నే బంప్ స్టీర్ అంటారు. గతుకుల రోడ్డు మీద స్టీరింగ్ చేతిలో నిలకడగా ఉండకపోవడానికి ఇదొక కారణం.

రోల్ సెంటర్ సరిచేయడానికి బాల్ జాయింట్‌ను మార్చి, టై రాడ్ చివరను మార్చకపోతే బంప్ స్టీర్ ఇంకా పెరుగుతుంది. ఒక లోపాన్ని సరిదిద్దబోయి మరొకటి తెచ్చుకున్నట్టవుతుంది. రెండింటినీ జతగా సవరించాలి.

చక్రాల నిలువు వాలు క్యాంబర్. ముందు నుంచి చూస్తే టైరు పైభాగం లోపలికి వాలి ఉండటాన్ని రుణ క్యాంబర్ అంటారు. మలుపుల్లో కొద్దిపాటి రుణ క్యాంబర్ మేలు చేస్తుంది. పైనుంచి చూసినప్పుడు చక్రాలు లోపలికో బయటికో చూసే కోణాన్ని టో అంటారు. కారు దించగానే ఈ రెండూ మారతాయి. టొయోటా 86 వెనక భాగంలో ఉన్న డబుల్ విష్‌బోన్ లాంటి అమరికలో బాడీ దిగినకొద్దీ రుణ క్యాంబర్ గణనీయంగా పెరుగుతుంది. దానికి తప్పు టో తోడైతే టైరు లోపలి అంచు కొన్ని వేల కిలోమీటర్లలోనే అరిగిపోతుంది. పైకి నున్నగా బాగానే కనిపించే టైరు లోపలివైపు దారాలు తేలి ఉండవచ్చు. అందుకే దించిన వెంటనే వీల్ అలైన్‌మెంట్ చేయించడం తప్పనిసరి. స్ప్రింగులు కుదురుకున్న తర్వాత మరోసారి సరిచూడటం ఇంకా మంచిది.

నాలుగు కాళ్ళ కుర్చీ

ఎత్తును మరతో పెంచుతూ తగ్గిస్తూ ఉండే కాయిల్‌ఓవర్ సస్పెన్షన్లలో ఇంకో సమస్య ఎదురవుతుంది. నాలుగు కాళ్ళ కుర్చీలో ఒక కాలు కొంచెం పొడవైతే బరువంతా ఆ కాలు మీదా, దానికి ఎదురు మూలలోని కాలు మీదా పడుతుంది. కారు కూడా అంతే. ఒక మూల మర రెండు చుట్లు ఎక్కువ తిరిగితే, ఆ మూల మీదా దాని ఎదురు మూల మీదా భారం పెరుగుతుంది. కంటికి నాలుగు వైపులా ఎత్తు సమానంగానే కనిపించవచ్చు. కానీ కారు కుడి మలుపులో ఒకలా, ఎడమ మలుపులో మరోలా ప్రవర్తిస్తుంది. రేసు బృందాలు డ్రైవరును సీట్లో కూర్చోబెట్టి, నాలుగు చక్రాల కింద నాలుగు తూకాలు పెట్టి దీన్ని సరిచేస్తాయి.

రేసుల నుంచి ఒక పాఠం

నేలకు దగ్గరగా పరిగెత్తాలన్న తపన ఫార్ములా వన్‌లో ఎంత దూరం వెళ్ళిందో చెప్పడానికి 1981 సీజను మంచి ఉదాహరణ. కారు అడుగుభాగం గాలి ప్రవాహంతో నేలకు అతుక్కుపోయేలా చేసే పద్ధతిని అదుపు చేయడానికి, కారు నేలకు కనీసం 6 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలని నిబంధన వచ్చింది. కారు ఆగి ఉన్నప్పుడు మాత్రమే ఈ ఎత్తును కొలవగలరు. బ్రాభమ్ బృందం డిజైనరు గోర్డన్ మరే ఆ సంగతిని వాడుకున్నారు. వేగం పెరిగి గాలి ఒత్తిడి కారును నొక్కినప్పుడు కిందికి దిగి, ఆ తర్వాత నెమ్మదిగా మాత్రమే పైకి లేచే ద్రవ, వాయు సస్పెన్షన్‌ను అమర్చారు. మిగతా జట్లూ అదే బాట పట్టాయి. కారును తక్కువ ఎత్తులో స్థిరంగా ఉంచడానికి సస్పెన్షన్లు ఎంత బిరుసెక్కాయంటే, ఆ కుదుపులు భరించడమే డ్రైవర్లకు పరీక్షగా మారింది. 1983 నుంచి కారు అడుగుభాగం చదునుగా ఉండాలనే నిబంధన తెచ్చారు. 1994లో అడుగున చెక్క పలక బిగించడం తప్పనిసరి చేశారు. ఆ పలక పరిమితికి మించి అరిగితే కారు మరీ కిందికి దించి నడిపినట్టే లెక్క. 2023 అమెరికా గ్రాండ్‌ప్రిలో లూయిస్ హామిల్టన్, చార్లెస్ లెక్లెర్ ఈ కారణంగానే ఫలితాల నుంచి తొలగింపుకు గురయ్యారు.

మన రోడ్ల లెక్క

భారతదేశంలో కారు ఎత్తును నిర్ణయించేది రేసు ట్రాక్ కాదు, స్పీడ్ బ్రేకర్. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం గుండ్రని స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు, 17 మీటర్ల వ్యాసార్ధంతో ఉండాలి. టొయోటా 86 లాంటి కారుకు ముందు వెనక చక్రాల మధ్య దూరం 2.57 మీటర్లు, నేలకు అడుగుభాగానికి మధ్య ఖాళీ సుమారు 13 సెంటీమీటర్లు. ఈ కారు ప్రామాణికమైన స్పీడ్ బ్రేకర్ నడుమకు చేరినప్పుడు నాలుగు చక్రాలూ ఆ వంపు మీదే ఉంటాయి. వాటి మధ్య వంపు పైకి పొడుచుకొచ్చేది 5 సెంటీమీటర్లలోపే. 3 సెంటీమీటర్లు దించినా అడుగున ఇంకా 5 సెంటీమీటర్ల ఖాళీ మిగులుతుంది.

కానీ వీధుల్లో ఎవరికి తోచినట్టు వారు పోసే ఇరుకైన సిమెంటు దిమ్మెల సంగతి వేరు. అదే 10 సెంటీమీటర్ల ఎత్తున్న దిమ్మె ఇరుకుగా ఉంటే, ముందు చక్రాలు దాటేసి వెనక చక్రాలు ఇంకా ఎక్కకముందే దిమ్మె మొత్తం కారు కడుపు కిందికి వస్తుంది. దించని కారుకు 3 సెంటీమీటర్ల ఖాళీ మిగులుతుంది. దించిన కారుకు ఏమీ మిగలదు. సస్పెన్షన్ కొంచెం నొక్కుకున్నా ఇంజను అడుగునున్న ఆయిల్ సంప్ దెబ్బతింటుంది.

చట్టం మాటేమిటన్నదీ ముఖ్యమే. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. ఈ విషయాన్ని సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఇచ్చిన తీర్పులో స్పష్టం చేసింది. కాబట్టి ఏ మార్పుకైనా ముందు రవాణా శాఖ అధికారులను సంప్రదించడం, బీమా సంస్థకు తెలియజేయడం అవసరం.

ముందు కొలత, తర్వాత కోత

దించడం తప్పనిసరి అనుకున్నవారికి ఇంజనీరింగ్ సూచించే క్రమం ఇలా ఉంటుంది. మొదట ఉన్న కారు ఎత్తు, క్యాంబర్, టో కొలిచి రాసుకోవాలి. మంచి టైర్లు, సరైన గాలి ఒత్తిడి, అరగని బుష్‌లు ఉన్నాయో లేదో చూడాలి. చాలాసార్లు వీటితోనే కారు నడక మారిపోతుంది. ఒరుగుడు తగ్గించడమే ఉద్దేశమైతే, ఎత్తు ముట్టుకోకుండా కొంచెం మందమైన యాంటీ రోల్ బార్ వేస్తే సరిపోవచ్చు. అప్పటికీ దించాలనుకుంటే రెండు, రెండున్నర సెంటీమీటర్ల దగ్గర ఆగడం క్షేమం. స్ప్రింగు, డ్యాంపర్, బంప్ స్టాప్ మూడూ ఒకదానికొకటి సరిపోయేలా జతగా ఎంచుకోవాలి. ముందు వెనకలను ఒకే మోతాదులో దించాలి, లేదంటే హెడ్‌లైట్ల వెలుగు కూడా దారి తప్పుతుంది. అంతకన్నా ఎక్కువ దించితే బాల్ జాయింట్, టై రాడ్ సవరణలు చేయాలి. చివరగా అలైన్‌మెంట్, మూలల తూకం చూడాలి.

కారు నేలకు ఎంత దగ్గరగా ఉందన్నది పక్కన నిలబడి చూసేవారికి కనిపిస్తుంది. నాలుగు టైర్లు నేలను ఎంత నిలకడగా పట్టుకున్నాయన్నది లోపల కూర్చున్నవారికి, అదీ మలుపు మధ్యలో మాత్రమే తెలుస్తుంది. సస్పెన్షన్ ఉన్నది ఆ రెండో పని కోసమే.